భూమి వేడెక్కుతున్నా పంటలను మంచు ఎందుకు కాటేస్తోంది?

2021 మార్చి ఆఖరులో ఫ్రాన్స్‌లో వేసవిని తలపించే ఎండలు కాశాయి. చాలాచోట్ల మార్చి నెల రికార్డులు బద్దలయ్యాయి. ఆ వెచ్చదనానికి ద్రాక్ష తీగలు చిగుళ్లు వేశాయి. ఆప్రికాట్ పిందె పడింది, ఆపిల్ మొగ్గ విచ్చుకుంది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 6, 7, 8 తేదీల్లో రాత్రి ఉష్ణోగ్రతలు సున్నాకు బాగా కిందికి దిగిపోయాయి. కొన్ని ప్రాంతాల్లో మైనస్ 5 డిగ్రీలు కూడా దాటాయి. షాబ్లీ ద్రాక్షతోటల్లో వరసల మధ్య వందలకొద్దీ మైనపు కుంపట్లు వెలిగించి రాత్రంతా కాపలా కాశారు. అయినా బర్గండీ నుంచి రోన్ లోయ దాకా చిగుళ్లు మాడి నల్లబడ్డాయి. అప్పటి వ్యవసాయ మంత్రి జూలియన్ డెనోర్మాండీ దీన్ని 21వ శతాబ్దం మొదలయ్యాక వచ్చిన అతి పెద్ద వ్యవసాయ విపత్తు కావచ్చన్నారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ వాదన రెండు వైపులా మొదలవుతుంది. భూమి వేడెక్కుతోందన్నారుగా, మరి ఈ చలేంటని ఒకరు అడుగుతారు. ఏం జరిగినా వాతావరణ మార్పు వల్లేనని ఇంకొకరు తేల్చేస్తారు. మొదటి ప్రశ్న న్యాయమైనదే, దానికి సరైన జవాబు చెప్పాలి. రెండో మాట కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. ఎక్కడ నిజమో తెలియాలంటే థర్మామీటర్ ఒక్కటే చూస్తే చాలదు, అదే సమయానికి చెట్టు ఏ దశలో ఉందో కూడా చూడాలి.

ఏ మంచు, ఏ దెబ్బ

సంక్రాంతి రోజుల్లో రోడ్డు కనిపించకుండా కమ్మే పొగమంచు వేరు. తెల్లవారుజామున గడ్డి మీద బొట్లుగా నిలిచే మంచు వేరు. మామిడి పూతను మంచు పాడుచేసిందని మన రైతులు అన్నప్పుడు ఎక్కువగా ఆ తేమ వల్ల వచ్చే బూడిద తెగులు గురించే చెబుతారు. ఈ వ్యాసంలో మంచుకాటు అంటే ఆకు, మొగ్గ, పువ్వు లోపలి నీరు గడ్డకట్టడం. ముందు కణాల మధ్య ఖాళీల్లో మంచు స్ఫటికాలు ఏర్పడతాయి. అవి కణాల్లోంచి నీటిని బయటికి లాగేస్తాయి, కణం పొర చితికిపోతుంది. తెల్లారి ఎండ తగలగానే ఆ భాగం మెత్తబడి, గోధుమ రంగుకు తిరిగి, నల్లగా మాడుతుంది. పువ్వును చీల్చి చూస్తే మధ్యలో కాయ కట్టాల్సిన భాగం నల్లగా ఉంటుంది. రేకులు మాత్రం ఇంకా అందంగానే కనిపిస్తాయి. అందుకే మొదటి రోజు తోటను దూరం నుంచి చూసి నష్టం ఎంతో చెప్పలేరు.

ఈ చలి రెండు రకాలుగా వస్తుంది. మబ్బు లేని, గాలి వీచని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. మబ్బులు ఉంటే దుప్పటిలా ఆ వేడిని ఆపుతాయి, గాలిలో తేమ ఉన్నా కొంత ఆగుతుంది. చల్లగాలి బరువు ఎక్కువ కాబట్టి పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. నేల దగ్గర గడ్డకట్టే చలి ఉంటే పది, పదిహేను మీటర్ల ఎత్తున గాలి కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. రెండో రకంలో ధ్రువ ప్రాంతాల చల్లగాలి ఈదురుగా వచ్చి పడుతుంది. అప్పుడు పల్లం, మెరక తేడా లేకుండా అంతా ఒకేలా చల్లబడుతుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తే నష్టం ఎక్కువ.

ఇంకో సంగతి. వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, నీడనిచ్చే పెట్టెలో ఉంటుంది. అక్కడ 2 డిగ్రీలు చూపిస్తున్నప్పుడే నేలబారు పంట ఆకు మీద సున్నా కంటే తక్కువ ఉండొచ్చు. టీవీలో రెండు డిగ్రీలని చెప్పారు, మా బంగాళాదుంప ఎలా మాడిందని పంజాబ్, హర్యానా రైతులు అడిగితే జవాబు ఇదే.

మైనస్ 9 తట్టుకున్న మొగ్గ మైనస్ 2కే పోతుంది

ఒకే చెట్టు ఒకే చలిని ఒక్కో వారంలో ఒక్కోలా ఎదుర్కొంటుంది. ఆపిల్‌నే చూద్దాం. నిండు శీతాకాలంలో నిద్రలో ఉన్న చెట్టు మైనస్ 20 డిగ్రీలకు కూడా చలించదు. మొగ్గ కొన వెండి రంగుకు తిరిగే తొలి దశలో మైనస్ 9 డిగ్రీల దగ్గర పది శాతం మొగ్గలు పోతాయి. అదే చెట్టు నిండు పూత మీద ఉంటే మైనస్ 2 డిగ్రీల చిల్లరకే పది శాతం పూలు పోతాయి, మైనస్ 4 చేరేసరికి తొంభై శాతం పోతాయి. పది శాతం పూలు పోతే రైతుకు పెద్ద నష్టం లేదు, చెట్టు ఎలాగూ కొన్ని రాల్చుకుంటుంది. తొంభై శాతం పోతే ఆ ఏడాదికి తోట ఖాళీ. ఈ రెంటి మధ్య తేడా రెండు డిగ్రీలు కూడా లేదు.

అందుకే ఈ సంవత్సరం ఎంత చలి పడిందనే ప్రశ్నకు విడిగా అర్థం లేదు. అప్పటికి చెట్టు నిద్ర లేచిందా లేదా అన్నదానితో కలిపితేనే అర్థం ఉంటుంది.

ఒక ఊహా తోట లెక్క

ఈ అంకెలు కేవలం ఉదాహరణకు. ఒక లోయలో ఆపిల్ తోట ఉందనుకుందాం. పాత రోజుల్లో అక్కడ పూత ఏప్రిల్ 20 ప్రాంతంలో మొదలయ్యేది. మైనస్ 2కు దిగే ఆఖరి రాత్రి సగటున ఏప్రిల్ 14న వచ్చేది. అంటే ఆరు రోజుల ఎడం. చలి కాస్త ఆలస్యమైన ఏడు కొంత నష్టం, మిగతా ఏళ్లు క్షేమం.

ఇప్పుడు లోయ వేడెక్కింది. ఆఖరి చలి రాత్రి వారం ముందుకు జరిగి ఏప్రిల్ 7కు వచ్చింది. ఇంతవరకూ శుభవార్తే. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల వెచ్చదనానికి పూత పదమూడు రోజులు ముందుకు జరిగి అదీ ఏప్రిల్ 7కే వచ్చింది. ఎడం ఆరు నుంచి సున్నాకు పడిపోయింది. చలి రాత్రులు తగ్గాయి, శీతాకాలం కుదించుకుపోయింది, అయినా తోటకు ప్రమాదం పెరిగింది. దాదాపు ఏడాది విడిచి ఏడాది పూత మీద చలి పడే పరిస్థితి వచ్చింది.

ఇదే తోటను ఇంకోలా ఊహించండి. చలి రాత్రి పది రోజులు ముందుకు జరిగింది, పూత మాత్రం ఐదు రోజులే జరిగింది. ఎడం ఆరు నుంచి పదకొండుకు పెరిగింది. భూమి వేడెక్కడం ఈ రైతుకు మేలే చేసింది. రెండూ ఒకే వాతావరణ మార్పు ఫలితాలే. రెండు తేదీల్లో ఏది వేగంగా జరుగుతోందన్నదే అసలు ప్రశ్న. నిజానికి సగటు తేదీలతోనూ పని పూర్తికాదు. ఏటేటా ఒడుదొడుకులు పెరిగితే సగటు ఎడం మారకపోయినా నష్టం పెరుగుతుంది.

ఫ్రాన్స్ విషయంలో ఏం తేలింది

వాతావరణ విపత్తుల్లో భూమి వేడెక్కడం పాత్ర ఎంతో లెక్కగట్టే శాస్త్రవేత్తల బృందం వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్. 2021 దెబ్బ తర్వాత అది ఈ రెండు తేదీల లెక్కనే చేసి చూసింది. మనుషుల వల్ల భూమి వేడెక్కకపోయి ఉంటే ఆ ఏప్రిల్ రాత్రులు సుమారు 1.2 డిగ్రీలు ఇంకా చల్లగా ఉండేవి. ఇక్కడే ఆగితే వేడెక్కడం వల్ల దెబ్బ తగ్గిందని చెప్పాలి. కానీ ఆ చల్లని పాత ఫ్రాన్స్‌లో ద్రాక్ష అప్పటికి ఇంకా చిగురించేది కాదు. చిగురు వచ్చాక ఇలాంటి చలి పడే అవకాశం వాతావరణ మార్పు వల్ల సుమారు 60 శాతం పెరిగిందని బృందం అంచనా వేసింది. ఆ అంచనా 20 నుంచి 120 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని కూడా చెప్పింది. అంత వెడల్పు చూసి అనుమానపడనక్కర్లేదు. పెరిగిందన్నది దాదాపు ఖాయం, ఎంత అన్నదే ఇంకా వదులుగా ఉంది.

కొన్నిచోట్ల పెరిగింది, కొన్నిచోట్ల తగ్గింది

1959 నుంచి 2017 వరకు రికార్డులు తీసుకుని, చెట్లు ఆకు తొడిగాక చలి పడే ప్రమాదాన్ని ఖండాల వారీగా చూసిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. యూరప్, తూర్పు ఆసియాల్లో చాలాచోట్ల ప్రమాదం పెరిగింది, ఉత్తర అమెరికాలో మొత్తం మీద తగ్గింది. ఉత్తర అమెరికాలో వసంతం తరతరాలుగా నిలకడ లేనిది. అక్కడి అడవి చెట్లు నాలుగు రోజుల ఎండను చూసి మొగ్గ విప్పవు, ఎక్కువ వెచ్చదనం పోగయ్యే దాకా ఆగుతాయి. స్థిరమైన వసంతానికి అలవాటుపడిన చెట్లు త్వరగా నమ్మేస్తాయి.

అడవి చెట్ల సగటు ఇది, తోటల సంగతి వేరు. 2012 మార్చిలో మిషిగన్‌లో మే, జూన్ నెలల్లో ఉండాల్సిన ఎండలు రోజుల తరబడి కాశాయి. చెర్రీ, ఆపిల్ మొగ్గలు వారాల ముందే విచ్చాయి. ఏప్రిల్‌లో మాత్రం ఎప్పటిలాగే వరసగా చలి రాత్రులు వచ్చాయి. ఆ ఏప్రిల్ అసాధారణమైనదేమీ కాదు, అసాధారణమైంది మార్చి. అంతకుముందు ఏడాది 15 కోట్ల పౌండ్లకు పైగా వచ్చిన పుల్ల చెర్రీ పంటలో పదో వంతు కూడా చేతికి రాలేదు. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు 2023 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు జార్జియా పీచ్ పంటలో 90 శాతానికి పైగా పోయింది.

వెచ్చని శీతాకాలం చెట్టును నిద్రపోనివ్వదు

జార్జియా సంగతిలో ఇంకో మెలిక ఉంది. పీచ్, ఆపిల్, చెర్రీ లాంటి చెట్లు వసంతంలో సరిగ్గా మేలుకోవాలంటే ముందు శీతాకాలంలో కావలసినంత చలి అందాలి. సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ ఉన్న గంటలను కూడి లెక్కపెడతారు, వీటినే చలి గంటలు అంటారు. హిమాచల్‌లో పండే డెలీషియస్ రకం ఆపిల్‌కు దాదాపు వెయ్యి గంటలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే కావాలి. అవి అందకపోతే పూత ఆలస్యమవుతుంది, ఒకేసారి రాదు, ఒక కొమ్మ పూసినప్పుడు ఇంకో కొమ్మ మొగ్గ మీద ఉంటుంది.

పూత ఆలస్యమైతే మంచుకాటు తప్పుతుంది కదా? అవును, తప్పుతుంది. భూమి ఇంకా వేడెక్కే కొద్దీ చలి గంటలు తగ్గి, పూత ముందుకు జరగడం ఆగిపోయి, మంచు ప్రమాదం తగ్గే ప్రాంతాలూ ఉంటాయని కొందరు శాస్త్రవేత్తలు చెబుతున్నారు. పెద్ద భరోసా మాత్రం ఇవ్వలేని మాట ఇది. పూత విడతలుగా వస్తే ఒక్క రాత్రి చలికి అంతా పోదు, నిజమే. కానీ పరాగసంపర్కానికి తోడుగా నాటిన చెట్టు, అసలు చెట్టు ఒకే వేళకు పూయవు. కాయ సరిగ్గా కట్టదు. జార్జియాలో 2023లో రెండు దెబ్బలూ కలిశాయి. శీతాకాలంలో చలి చాలలేదు, మార్చిలో మొగ్గ విచ్చాక గడ్డకట్టే చలి వచ్చింది.

హిమాచల్‌లో ఈ ఒత్తిడికి రైతులు కొండ ఎక్కారు. దిగువ కులూ, సిమ్లా ప్రాంతాల్లో ఆపిల్ వెనకబడుతుంటే కిన్నౌర్, లాహౌల్-స్పితిలో తోటలు పెరిగాయి. అక్కడ చలి గంటలకు కొరత లేదు. పూత వేళ చలి, మంచు కురవడం అక్కడి కొత్త టెన్షన్. దిగువన ఉన్నవాళ్లు తక్కువ చలితో కాసే హెచ్‌ఆర్‌ఎంఎన్-99, అన్నా లాంటి రకాలకు మళ్లారు. ఆ రకాలు త్వరగా పూస్తాయి. చలి ఒక్కోసారి వెనక్కి తిరిగి వచ్చే చోట నాటితే పూత నేరుగా దాని నోట్లో పడుతుంది.

ఆస్ట్రేలియా గోధుమ: చలి రాత్రులకు కరవు తోడైతే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చెట్టు ముందే మేలుకోవడం గురించి. ఆగ్నేయ ఆస్ట్రేలియా గోధుమ పొలాల కథ వేరు. అక్కడ సగటు ఉష్ణోగ్రత పెరిగినా చాలాచోట్ల చలి పడే కాలం కుదించుకుపోలేదు, పైపెచ్చు వసంతంలోకి సాగింది. కారణం గాలిలోనే ఉంది. శీతాకాలపు వానలు తగ్గి, అధిక పీడనం కొలువుండే రోజులు పెరిగితే మబ్బులు తగ్గుతాయి. మబ్బు లేని పొడి రాత్రి నేల వేడి నిలవదు. పైగా ఎండిన నేల తడి నేల పట్టుకున్నంత వేడి పట్టుకోదు. అందుకే అక్కడ పగలు వేడెక్కుతున్నా కొన్ని రాత్రులు చల్లబడ్డాయి.

గోధుమకు కంకి తీసి పూతలో ఉన్నప్పుడు చలి తగిలితే గింజ కట్టదు. బయటికి కంకి బాగానే కనిపిస్తుంది, నలిపితే లోపల ఊక. దాన్ని తప్పించుకోవడానికి ఆలస్యంగా విత్తితే పూత చలి దాటాక వస్తుంది. కానీ గింజ పాలు పోసుకునే వేళకు వేసవి వడగాలి అందుకుంటుంది. ఆ వడగాలి కూడా ఇప్పుడు ముందుకు జరిగింది. ఇటు చలి, అటు ఎండ, మధ్యలో క్షేమంగా మిగిలిన రోజులు తగ్గిపోతున్నాయి. నన్నడిగితే మొత్తం ఈ విషయంలో రైతుకు అన్నిటికంటే కష్టమైన లెక్క ఇదే.

బ్రెజిల్ కాఫీ, పాడేరు కాఫీ

కాఫీ చెట్టు శీతాకాలంలో నిద్రపోదు, దానికి మొగ్గ తేదీల గొడవ లేదు. చలి ఎప్పుడు గడ్డకట్టే స్థాయికి దిగితే అప్పుడు దెబ్బే. 1975 జులైలో, అంటే అక్కడి శీతాకాలంలో, బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రాన్ని 'నల్ల మంచు' అని పేరుపడ్డ చలి తాకి కాఫీ తోటలను మొదలంటా కాల్చేసింది. మరుసటి ఏడు అక్కడ పంట దాదాపు సున్నా. బ్రెజిల్ కాఫీ సాగు ఉత్తరాన ఉన్న మినాస్ జెరైస్ వైపు తరలడానికి ఆ రాత్రులు పెద్ద కారణం. అప్పటి నుంచి ఆ ప్రాంతం వేడెక్కింది, అలాంటి రాత్రులు అరుదయ్యాయి. ఇక్కడ వేడెక్కడం ప్రమాదాన్ని తగ్గించిందనడం సబబే. అయినా 2021 జులైలో, కరవుతో తోటలు ఎండి ఉన్న వేళ, అదే మినాస్ జెరైస్‌ను చలి కొట్టింది. న్యూయార్క్ మార్కెట్లో అరాబికా ధర పౌండుకు రెండు డాలర్లు దాటింది. చెట్టు కాలితే పోయేది ఆ ఏటి పంట ఒక్కటే కాదు. మొదలుకు నరికి మళ్లీ చిగురు తెప్పించాలి, లేదా కొత్త మొక్క నాటి మూడేళ్లు ఆగాలి.

పాడేరు, చింతపల్లి, అరకు గిరిజన రైతులు పండించేది కూడా అరాబికానే. బ్రెజిల్‌లో మంచుకాటు పడితే ఇక్కడి గింజ ధర కదులుతుంది. చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నా అంచుల దాకా దిగిన ఏళ్లున్నాయి. మరి అక్కడి కాఫీకి బ్రెజిల్ గతి ఎందుకు పట్టడం లేదు? అంత గట్టి చలి అక్కడికి రాకపోవడం ప్రధాన కారణం. రెండోది నీడ. బ్రెజిల్‌లో కాఫీ ఎక్కువగా ఆరుబయట ఎండలో పెరుగుతుంది. మన్యంలో సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి పాకిన మిరియాల తీగల మధ్య పెరుగుతుంది. రాత్రి నేల వదిలే వేడిలో కొంత ఆ కొమ్మల కింద నిలుస్తుంది. ఎండ కోసం వేసిన నీడ చలికీ అడ్డుపడుతుంది. నీడ చెట్లను నరికి కాఫీ దిగుబడి పెంచుదామనే ఆలోచన వచ్చినప్పుడు ఈ మాట కూడా లెక్కలో ఉండాలి.

ఇంకా తేలని వాదన

చలిగాలులు తమంతట తాము పెరుగుతున్నాయా? ఆర్కిటిక్ ప్రాంతం మిగతా భూమి కంటే చాలా వేగంగా వేడెక్కుతోంది. దాంతో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గి, ఎత్తున వీచే జెట్ స్ట్రీమ్ గాలి బలహీనపడి మెలికలు తిరుగుతోందని, ఆ మెలికల్లోంచి ధ్రువ చలి దక్షిణానికి జారుతోందని ఒక వర్గం శాస్త్రవేత్తల వాదన. వినడానికి పొందికగా ఉంటుంది. కంప్యూటర్‌లో నడిపే వాతావరణ నమూనాల్లో ఆ సంబంధం చాలా బలహీనంగానే కనిపిస్తోందని, మెలికలు ఎప్పుడూ ఉన్నవేనని, ఆ చలిగాలి కూడా మునుపటి కంటే వెచ్చగానే ఉందని రెండో వర్గం అంటుంది. దీనిపై ఏకాభిప్రాయం లేదు. ఎవరి మాట నెగ్గినా ఊహా తోట లెక్క చెల్లుతుంది. చలి పెరగకపోయినా, తగ్గినా కూడా, ఆఖరి చలి రాత్రి జరిగినదానికంటే పూత ఎక్కువ ముందుకు జరిగితే చాలు, నష్టం వస్తుంది.

రక్షణకు ఉన్నవి, వాటి హద్దులు

నిలువెత్తు ఫ్యాన్లు పైనున్న వెచ్చని గాలిని కిందికి తోస్తాయి. నిశ్చలమైన రాత్రి అవి రెండు మూడు డిగ్రీలు కాపాడగలవు, ఈదురు చలిలో పైన వెచ్చని గాలే ఉండదు కాబట్టి పనికిరావు. స్ప్రింక్లర్లు పూల మీద నీళ్లు చల్లుతూ ఉంటే ఆ నీరు గడ్డకడుతూ వేడి వదులుతుంది. కిలో నీరు గడ్డకడితే 334 కిలోజౌళ్లు వస్తాయి. గాజుగోళంలా మంచు కప్పిన పువ్వు లోపల సున్నా దగ్గర నిలబడి బతుకుతుంది. కానీ తెల్లారేదాకా నీరు ఆగకూడదు, మధ్యలో మోటారు ఆగితే చల్లకుండా వదిలేసినదానికంటే ఎక్కువ నష్టం. షాబ్లీలో వాడిన మైనపు కుంపట్లు హెక్టారుకు మూడు నాలుగు వందలు కావాలి, ఒకటి రెండు రాత్రులకు మించి రావు. ఖరీదైన వైన్ ద్రాక్షకు ఆ ఖర్చు గిట్టొచ్చు, ఆవాలకు గిట్టదు. ఉత్తర భారతంలో చలి సూచన రాగానే పొలానికి తేలికగా తడి పెడతారు. తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. పొగ పెట్టే అలవాటూ ఉంది. పొగ కంటే మంట ఇచ్చే వేడే అక్కడ కాస్తోకూస్తో ఆదుకునేది.

ఇవేవీ ఆపలేని రాత్రులకు మిగిలేది బీమా. 2021 దెబ్బ తర్వాత ఫ్రాన్స్ 2022లో చట్టం చేసి పంటల బీమాను రైతు, బీమా సంస్థ, ప్రభుత్వం నష్టం పంచుకునేలా మార్చింది. మన దేశంలో ఆపిల్‌కు, మన దగ్గర మామిడి, బత్తాయి లాంటి తోటలకు ఉన్న వాతావరణ ఆధారిత బీమా తోటకు వచ్చి నష్టం చూడదు. ఫలానా తేదీల మధ్య, ఫలానా కేంద్రంలో, ఉష్ణోగ్రత లేదా వాన ఫలానా హద్దు దాటిందా అని చూసి పరిహారం లెక్కగడుతుంది. పూత మారని రోజుల్లో ఆ తేదీలకు అర్థం ఉంది. పూత రెండు వారాలు ముందుకు జరిగి, పాలసీ తేదీలు పాతవే ఉంటే, పూత మీద పడిన చలి కాగితం మీద లెక్కలోకే రాదు. థర్మామీటరు నాలుగైదు అడుగుల ఎత్తున, పది మైళ్ల దూరాన, మెరక మీద ఉంటే పల్లపు తోటలో గడ్డకట్టిన రాత్రి కూడా అక్కడ మామూలు రాత్రిగానే నమోదవుతుంది. హద్దు ఎన్ని డిగ్రీలని బేరమాడటంతో పాటు, ఆ తేదీలు ఏ ఏళ్ల పూతను చూసి పెట్టారని రైతు సంఘాలు అడగాల్సిన సమయం ఇది.